చెట్టుకు నీళ్లు రావట్లేదా? మోటారును తిట్టే ముందు వాల్వ్‌ను చూడండి!

"మోటారు మార్చాల. ఐదు హెచ్‌పీ చాలదు, ఏడున్నర ఎయ్యాల."

పోయిన ఎండాకాలం మా మామిడి తోటలో మెకానిక్ అన్న తేల్చేసిన మాట ఇది. పాకాల దగ్గర మా ఊరు. డ్రిప్ లైన్ చివర్న ఉన్న రెండు వరసల చెట్లకు నీళ్లు చుక్క చుక్కగా కూడా అందడం లేదు. ఆకులు ముడుచుకుపోతున్నాయి. 2025 సీజన్‌లో తోతాపురి ధర ఎలా పడిపోయిందో చిత్తూరు వైపు ఎవర్ని అడిగినా చెబుతారు. ఆ దెబ్బ మీద కొత్త మోటారంటే మళ్లీ అప్పే. నాయన ఏమీ అనలేదు. తువ్వాలు దులుపుకుని చెట్ల వైపు వెళ్లిపోయాడు.

నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో కోడ్ రాసుకునేవాణ్ని. యాప్ స్లో అయితే వెంటనే పెద్ద సర్వర్ కొనం కదా! ముందు ఎక్కడ ఇరుక్కుందో వెతుకుతాం. పైపునూ అలాగే డీబగ్ చేద్దామనిపించింది.

రెండు గేజ్‌లు.. ఒక నిజం

ప్రెషర్ గేజ్‌లు రెండు తెచ్చి ఒకటి బోరు దగ్గర, ఇంకొకటి తోట మొదట్లో పెట్టాం. మొదటిది 1.6 కేజీలు చూపిస్తే రెండోది 0.9 దగ్గరే ఆగిపోయింది. మధ్యలో ఉన్నది కొద్ది దూరమే. 0.7 కేజీ అంటే 7 మీటర్ల ఎత్తుకు నీళ్లు ఎక్కించే బలం. అదంతా ఎటు పోయింది?

లైన్ వెంబడి నడిస్తే దొంగలు దొరికారు. ఒకటి, చక్రం తిప్పే పాత గ్లోబ్ వాల్వ్. రెండు, ఎప్పుడో సైజు దొరక్క 2 అంగుళాల పైపు మధ్యలో రెడ్యూసర్లతో ఇరికించిన అంగుళం వాల్వ్. మూడు, ఎక్కడపడితే అక్కడ తిప్పిన ఆరు ఎల్బోలు.

లెక్క చాలా సింపుల్

పైపులో నీళ్లు సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతున్నాయనుకోండి. ఆ వేగానికి సమానమైన ఎత్తు సుమారు 20 సెంటీమీటర్లు. ఒక్కో ఫిట్టింగ్ దీనికి ఎన్ని రెట్లు తినేస్తుందో ఇంజినీర్లు 'కె' అనే నంబర్‌తో చెబుతారు.

గ్లోబ్ వాల్వ్‌లో నీళ్లు ఎస్ ఆకారంలో మెలికలు తిరుగుతాయి. పూర్తిగా తెరిచినా కె దాదాపు 10. అంటే 2 మీటర్లు గోవిందా! అదే సైజు ఫుల్ బోర్ బాల్ వాల్వ్‌కు కె 0.05 మాత్రమే. పోయేది ఒక సెంటీమీటరు. మర ఎల్బో ఒక్కోటి 30 సెంటీమీటర్లు తింటే, ఆరూ కలిసి 1.8 మీటర్లు.

అసలు విలన్ ఆ అంగుళం వాల్వే. వెడల్పు సగమైతే దారి నాలుగో వంతు అవుతుంది, వేగం నాలుగు రెట్లు, నష్టం వేగానికి వర్గంలో, అంటే 16 రెట్లు. అక్కడ 3 మీటర్లకు పైనే ఆవిరి. మొత్తం కలిపితే 7 మీటర్ల దగ్గరికి వచ్చేసింది. గేజ్ చెప్పిందీ అదే! డ్రిప్‌కు సాధారణంగా కావాల్సిందే 10 మీటర్లు, అంటే కేజీ ప్రెషర్.

ఆకారమే అడ్డుగోడ

నికోలా టెస్లా 1920లో ఒక వాల్వ్‌కు పేటెంట్ పొందాడు. అందులో కదిలే భాగమే లేదు. లోపలి మలుపుల వల్ల నీళ్లు ఒకవైపు సులువుగా, రెండోవైపు కష్టంగా పోతాయి. ఆకారానికి అంత పవర్ ఉంది మరి. మంచి కనెక్టర్ డిజైన్ రహస్యం కూడా ఇదే: లోపలి దారి పైపంత వెడల్పుగా ఉండాలి, మలుపు మెల్లగా తిరగాలి, సైజు ఒక్కసారిగా మారకూడదు.

మేం చేసింది అంతే. రెండు వాల్వ్‌ల స్థానంలో 2 అంగుళాల ఫుల్ బోర్ బాల్ వాల్వ్‌లు వేశాం. అక్కర్లేని ఎల్బోలు తీసేశాం, మిగతా చోట్ల ఒక్కోదానికి బదులు రెండు 45 డిగ్రీల ఎల్బోలు పెట్టాం. కొత్త మోటారు ధరలో పదో వంతు కూడా కాలేదు.

ఇవి మర్చిపోకండి

* నాన్ రిటర్న్ వాల్వ్ కూడా ప్రెషర్ తింటుంది. అలాగని తీసేయకండి. మోటారు ఆగినప్పుడు వెనక్కి తన్నే నీళ్లను ఆపేది అదే.
* బాల్ వాల్వ్‌ను టక్కున మూయకండి. నీళ్లు సుత్తిలా కొట్టి పైపు పగలొచ్చు.
* నీటిని కొద్దికొద్దిగా తగ్గించుకోవాలంటే గ్లోబ్ వాల్వే మంచిది. పూర్తిగా తెరిచి ఉంచే చోట మాత్రం వద్దు.
* బావి మోటారుకు ఫుట్‌వాల్వ్ కొనేటప్పుడు ఐఎస్ 10805 మార్కు చూడండి.
* ముందు ఫిల్టర్ కడగండి. సగం కేసులు అక్కడే క్లోజ్ కావచ్చు!

"కరెంటు ఉచితమే కదా, పెద్ద మోటారు పెడితే ఏమవుతుంది?" అని ఒక ఫ్రెండ్ అడిగాడు. కరెంటు ఉచితమే, కానీ ఇచ్చేది రోజుకు తొమ్మిది గంటలే. పైగా బోరులో ఊరే నీళ్లు పెద్ద మోటారును చూసి పెరగవు. ఇంకా త్వరగా అడుగంటుతాయి.

పని అయ్యాక స్విచ్ వేశాం. రెండో గేజ్ 1.4 చూపించింది. నాయన గేజ్ వైపు చూడనేలేదు. నేరుగా చివరి చెట్టు దగ్గరికి పోయి, డ్రిప్పర్ కింద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాడు.

"వస్తా ఉండాయి రా" అన్నాడు.

నా కెరీర్‌లో అందుకున్న బెస్ట్ కోడ్ రివ్యూ అదే.