నల్లరేగడి కుండీలో సక్యులెంట్ ఎందుకు కుళ్లుతుంది?

పత్తికి, మిరపకు నల్లరేగడిని మించిన నేల లేదని పల్నాడులో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ మాట నిజమే. కానీ అదే మట్టి కుండీలో నింపి సక్యులెంట్ (ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునే కండగల మొక్క) నాటితే, వానాకాలం దాటేలోపే దాని మొదలు మెత్తబడి వాలిపోతుంది. నర్సరీ నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న మొక్క ఇలా పోతే, నీళ్లు ఎక్కువయ్యాయనో తక్కువయ్యాయనో అనుకుంటాం. చాలాసార్లు అసలు లోపం మట్టిలో ఉంటుంది.

ముందు మొక్క సంగతి చూద్దాం. కలబంద, జెముడు జాతులు, చాగనార, జేడ్ వంటివి ఎండలో నీరు పోగొట్టుకోకుండా ఒక ఏర్పాటు చేసుకున్నాయి. మిగతా మొక్కలు పగలు తెరిచే పత్రరంధ్రాలను (ఆకు మీది సూక్ష్మ ద్వారాలను) ఇవి ఎక్కువగా రాత్రిపూట తెరుస్తాయి. అప్పుడు పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. తెల్లవారాక రంధ్రాలు మూసుకుని, ఆ నిల్వతోనే ఎండలో ఆహారం తయారు చేసుకుంటాయి. అందువల్ల ఇవి తాగే నీరు చాలా తక్కువ. మందార కుండీ ఒక రోజులో ఆరిపోయే ఎండలో కూడా పక్కనున్న కలబంద కుండీ రోజుల తరబడి తడిగానే ఉంటుంది.

ఆ తడే ప్రమాదం. వేరుకూ గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉన్నంతసేపు వేరు బతుకుతుంది. ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోయి అలాగే ఉంటే ప్రాణవాయువు అందక వేరు చచ్చిపోతుంది. చచ్చిన వేరులోకి శిలీంధ్రాలు (బూజు జాతి సూక్ష్మజీవులు) దిగి, కాండం వైపు పాకుతాయి. మనకు పైన మెత్తదనం కనిపించేసరికి కింద పని అయిపోయి ఉంటుంది. కాబట్టి ఈ మొక్కలకు మట్టి ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసింది గాలి. సారం ఆ తర్వాతి సంగతి.

నల్లరేగడిలో గాలికి చోటెందుకు ఉండదో ఇప్పుడు చూద్దాం. ఇసుక రేణువు 0.05 నుంచి 2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్ల కంటే చిన్నది. అంత చిన్న రేణువుల మధ్య ఖాళీలూ అంత చిన్నవే. అవి నీటిని గట్టిగా పట్టుకుంటాయి. పైగా నల్లరేగడిలోని మాంట్‌మోరిల్లొనైట్ (పొరలు పొరలుగా ఉండే బంక ఖనిజం) తన పొరల మధ్యకు కూడా నీటిని తీసుకుని ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదలక ముందు వాన ఆధారంగానే ఇక్కడ పంటలు పండాయంటే, తడిని ఇలా దాచుకునే గుణం అందుకు ఎంతో తోడ్పడింది. పొలంలో వరమైన గుణం కుండీలో శాపమవుతోంది.

దీన్ని మీ ఇంట్లోనే చూడవచ్చు. రెంటచింతల ఎండల గురించి మనకు చెప్పనక్కర లేదు. అలాంటి మే నెల మధ్యాహ్నం నల్లమట్టి కుండీని దగ్గరగా గమనించండి. మట్టి కుంచించుకుపోయి కుండీ గోడను వదిలేసి ఉంటుంది, చుట్టూ వేలు దూరేంత సందు. చెంబుడు నీళ్లు పోస్తే ఆ సందులోంచి జారి నిమిషంలో అడుగు చిల్లులోంచి బయటికొస్తాయి. నీరు బాగా దిగుతోందనుకుంటాం. మట్టి గడ్డ లోపల మాత్రం పొడిగానే ఉంటుంది. ఆగస్టు వానల్లో దీనికి సరిగ్గా వ్యతిరేకం. గడ్డ ఉబ్బి సందు మూసుకుపోతుంది, తడి వారాలపాటు బయటికి పోదు. ఒకే కుండీలో మొక్క ఎండాకాలం దాహంతో, వానాకాలం ఊపిరాడక అల్లాడుతుంది.

నల్లరేగడిలో కాస్త ఇసుక కలిపితే సరిపోతుందని కొందరు చెబుతారు. సరిపోదు. ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లోకి బంకమట్టి చేరి మొత్తం ముద్ద కడుతుంది. ఇసుక పాలు మట్టిని బాగా మించితే తప్ప గుణం మారదు.

కుండీ అడుగున కంకర పరవడం ఇంకా విస్తృతమైన అలవాటు. అది కూడా మేలు చేయదు. సన్నని మట్టిలోంచి ముతక కంకరలోకి నీరు తేలిగ్గా దిగదు. పైనున్న మట్టి పూర్తిగా నిండితేనే దిగుతుంది. ఏ కుండీలోనైనా నీరు పోసి వదిలాక అడుగున కొంత ఎత్తు వరకు తడి పొర నిలిచి ఉంటుంది. కంకర పరిస్తే ఆ పొర కంకర మీదికి, అంటే వేర్లకు మరింత దగ్గరికి జరుగుతుంది. నమ్మకం కలగకపోతే నీటిలో ముంచిన స్పాంజిని పడుకోబెట్టి పట్టుకోండి. చుక్కలు ఆగాక నిలువుగా తిప్పండి. మళ్లీ నీరు కారుతుంది. ఎత్తు పెరిగితే నీరు దిగుతుంది, తగ్గితే నిలుస్తుంది. అందంగా ఉన్నాయని కొనే పళ్లెం లాంటి కుండీల్లో మిశ్రమం ఇంకా ముతకగా ఉండాలనడానికి కారణం ఇదే.

మరి ఏం వాడాలి? గురజాల, మాచర్ల వైపు బీళ్లలో నాగజెముడు ఎక్కడ మొలుస్తుందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. నాపరాళ్ల పగుళ్లలో, రాళ్ల కట్టల మీద, నీరు నిలవని చోట. గుప్పెడు మట్టి, చుట్టూ రాయి. కుండీలో మనం చేయవలసిందీ అదే.

దీనికి ఎర్ర ఇటుక ముక్కలు చాలా మంచివి. ఇటుకలోని సూక్ష్మ రంధ్రాల్లో కొంత తడి ఉంటుంది, ముక్కల మధ్య గాలి ఆడుతుంది. శనగగింజంత, అంతకంటే కాస్త చిన్న ముక్కలుగా కొట్టి ఇసుక జల్లెడలో పట్టండి. జల్లెడలో మిగిలింది కావాలి, కింద పడిన పొడి వద్దు. ఈ ముక్కలు రెండు పాళ్లు, కడిగిన దొడ్డు ఇసుక ఒక పాలు, ఎర్రమట్టి ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు అర పాలు కలపండి. సముద్రపు ఇసుక వాడవద్దు, ఉప్పు వేర్లను చంపుతుంది. కలిపాక కుండీ నింపి నీళ్లు పోసి చూడండి. పైన మడుగు కట్టకుండా వెంటనే ఇంకి, కింద ధారగా రావాలి. ఆలస్యమైతే ఇంకో పాలు ఇటుక ముక్కలు కలపండి.

పల్నాడులో ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసింది సున్నం విషయంలో. పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నపురాయి పొడి తేలిగ్గా దొరుకుతుంది, ఇసుకకు బదులు వాడాలనిపిస్తుంది. ఆ పొడి ఖాళీలను పూడ్చేస్తుంది. క్షారగుణం కూడా పెంచుతుంది. మట్టిలో క్షారం పెరిగితే ఇనుము కరగదు, లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపెక్కుతాయి. తెచ్చుకున్న ఇసుకలో, మట్టిలో సున్నం ఉందో లేదో తెలుసుకోవడానికి నిమ్మరసం నాలుగు చుక్కలు వేసి చెవి దగ్గర పెట్టుకోండి. బుసబుసమని నురగొస్తే సున్నం ఉన్నట్టే. బూడిద ఇటుకల్లోనూ సున్నమో సిమెంటో ఉంటుంది కాబట్టి అవి పనికిరావు. ఎర్ర ఇటుకకు అంటిన సిమెంటును కూడా గీకేయాలి.

నర్సరీ మొక్క తరచు కొబ్బరి పొట్టులో వస్తుంది. అది తడిస్తే చాలాసేపు ఆరదు. వేర్ల చుట్టూ ఉన్న ఆ పొట్టును సున్నితంగా రాల్చి కొత్త మిశ్రమంలో నాటండి. నలిగిన వేర్లు మానడానికి నాలుగైదు రోజులు నీళ్లు పోయకుండా నీడలో ఉంచండి. ఇలా మార్చి నాటడానికి నడివేసవి, ముసురు రోజులు పనికిరావు. వానలు తగ్గాక మొదలుపెట్టి ఫిబ్రవరి లోపు ముగించడం మేలు.

మీ వీధిలో ఇల్లు కడుతుంటే విరిగిన ఎర్ర ఇటుకలను చెత్తలోకి పోనివ్వకండి. ఒక బస్తా అడిగి తెచ్చుకోండి, ఇంట్లోని చిన్న కుండీలకు చాలావరకు సరిపోతుంది.