మెట్లు అరిగిన గిటార్ ధర

అమెరికాలోని కలమజూ పట్టణంలో గిబ్సన్ కంపెనీ 1959లో తయారు చేసిన లెస్ పాల్ స్టాండర్డ్ ఎలక్ట్రిక్ గిటార్ అప్పట్లో సుమారు 250 డాలర్లు. పెద్దగా అమ్ముడుపోలేదు. 1958 నుంచి 1960 దాకా ఎర్రటి సన్‌బర్స్ట్ రంగులో పదిహేను వందలకు అటూఇటూగా చేసి, కంపెనీ ఆ మోడల్‌ని ఆపేసింది. ఇవాళ అదే గిటార్ ఏ మరమ్మతూ జరగకుండా దొరికితే లక్షల డాలర్లు, అంటే మన లెక్కలో కోట్ల రూపాయలు పలుకుతుంది. ఇంత ధర పెరిగాక దాన్ని వాయించేవాళ్ల మనసు ఏమైందన్నదే నాకు ముఖ్యం.

ముందు గిరాకీ సంగతి. 1966లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఇంగ్లండులో జాన్ మేయాల్ బృందంతో చేసిన ఆల్బమ్‌లో, మార్షల్ ఆంప్లిఫయర్‌ని బాగా పెంచి లెస్ పాల్ వాయించాడు. ఆ బొంగురు, నిండు నాదం కోసం కుర్రాళ్లు సెకండ్ హ్యాండ్ కొట్ల మీద పడ్డారు. మరోవైపు గిటార్లు చేసే ఫెండర్ కంపెనీని 1965 జనవరిలో సీబీఎస్ సంస్థ 13 మిలియన్ డాలర్లకు కొనేసింది. తర్వాత వచ్చిన వాటిలో నాణ్యత పడిపోయిందని వాయించేవాళ్లు నమ్మారు; ఆ కంపెనీ పాత స్ట్రాటోకాస్టర్ గిటార్లకీ గిరాకీ లేచింది. గమనించండి, అప్పుడు పాతవి కొన్నది వాయించడానికే. తీగల కింద ఉండే పికప్ నచ్చకపోతే పీకేసేవారు, చెక్కకి కన్నాలు పెట్టేవారు, రంగు గీకి కొత్త రంగు వేసేవారు. తమ పనిముట్టు, తమ ఇష్టం.

ధర పెరిగే కొద్దీ ఈ స్వేచ్ఛ పోయింది. ఎలా పోయిందో తెలియాలంటే మెట్లను దగ్గరగా చూడాలి. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే మెట్లు, అంటే ఫ్రెట్లు, నికెల్ కలిసిన లోహంతో చేస్తారు. వాటి మీద ఉక్కు తీగని ఏళ్ల తరబడి నొక్కి, పక్కకి లాగి వాయిస్తే గాడి పడుతుంది. అక్కడ స్వరం జీరపోతుంది, తీగ లాగితే ఇరుక్కుంటుంది. ఇక కొత్త మెట్లు వేయించాల్సిందే. మన వీణకైతే ఇది మామూలు వ్యవహారం: మైనం చెడితే మేళం కట్టేవాళ్లని పిలిచి కొత్త మైనంలో మెట్లు మళ్లీ కూర్పిస్తాం, వీణ విలువ తగ్గిందని ఎవరూ అనరు. పాత లెస్ పాల్‌కి అలా కాదు. దాని మెట్టు చివర, మెడ అంచున ఉన్న తెల్ల ప్లాస్టిక్ చిన్న బొడిపెలా పైకి లేచి ఉంటుంది. మెట్లు మారిస్తే మామూలుగా ఆ బొడిపెలు అరగదీతలో పోతాయి. కొనేవాడు భూతద్దం పెట్టి చూసేది వాటినే.

పికప్ కథా ఇదే. అయస్కాంతం మీద సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి, గిటార్ తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం అది. గిబ్సన్‌లో సేత్ లవర్ రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, కరెంటు రొద తగ్గించే హంబకర్‌ని రూపొందించాడు. పేటెంట్ కోసం దరఖాస్తు చేశామని (పేటెంట్ అప్లైడ్ ఫర్) అడుగున స్టిక్కర్ అంటించేవారు కాబట్టి వాటికి పీఏఎఫ్ అన్న పేరు నిలిచిపోయింది. చుట్ల లెక్క అన్నింటిలో ఒకేలా ఉండేది కాదు, అందుకే ఒక్కోటి ఒక్కోలా పలుకుతుంది. అరవైల్లో చాలామంది నాదం కోసం పైనున్న లోహపు మూత ఊడదీసి పారేశారు. ఇప్పుడు ఆ మూతకి వేసిన టంకం చెదరలేదంటే దానికే అదనపు ధర. లోపల ఏముందో యజమాని కూడా తెరిచి చూడలేడు.

ఇలాంటి గిటార్‌ని బస్సుల్లో, విమానాల్లో, చెమటలో తిప్పడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? చాలామంది అసలుది ఇంట్లో దాచి, నకలుతో వేదికెక్కడం మొదలుపెట్టారు. ఫెండర్ కంపెనీ 1995లో కావాలనే గీతలు పెట్టి, రంగు ఊడగొట్టి, పాతదిలా చేసిన కొత్త గిటార్లను రెలిక్ పేరుతో తెచ్చింది. వాటిని వెక్కిరించేవాళ్లున్నారు. నేను మాత్రం వాటి వైపే ఉంటాను. కింద పడినా ప్రాణం పోయినట్టు అనిపించని గిటార్ చేతికి ధైర్యమిస్తుంది.

దేశాలు దాటడంలో ఇంకో చిక్కుంది. పాత గిటార్ల మెడ పలక చాలావాటికి బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద గట్టి ఆంక్షలున్నాయి, సరిహద్దు దాటాలంటే అనుమతి పత్రాలు కావాలి. అరవైల చివరి నుంచి గిబ్సన్ ఎక్కువగా వాడుకున్నది మన భారతీయ రోజ్‌వుడ్‌నే.

కొందరు పెద్ద వాద్యకారులు తమ పాత గిటార్లను వదిలించుకోవడమే మేలనుకున్నారు. డేవిడ్ గిల్మోర్ 2019లో న్యూయార్క్‌లో 120కి పైగా గిటార్లు వేలం వేసి, వచ్చిన 21 మిలియన్ డాలర్ల పైచిలుకు సొమ్ముని పర్యావరణ సంస్థకి ఇచ్చేశాడు. అందులో నల్ల స్ట్రాటోకాస్టర్ ఒక్కటే 39 లక్షల 75 వేల డాలర్లకు పోయింది. దాని మెడ ఎన్నిసార్లు మారిందో, ఎన్ని కన్నాలు పెట్టి పూడ్చారో! సేకర్తల నిబంధనల ప్రకారం విలువ పోవాల్సిన గిటార్ అది. వాయించిన చెయ్యి ఆ నిబంధనలన్నింటినీ దాటేసింది. మార్క్ నాఫ్లర్ కూడా 2024లో లండన్‌లో తన గిటార్లు అమ్మేశాడు.

దాచని వాళ్లూ ఉన్నారు. గిటారిస్టు పీటర్ గ్రీన్ వాయించిన 1959 లెస్ పాల్‌లో మెడ వైపు పికప్ అయస్కాంతం తిరగబడి ఉంది. అందుకే రెండు పికప్‌లూ కలిపి వాయిస్తే ముక్కుతో పాడినట్టు, పల్చగా, దిగులుగా పలుకుతుంది. ఎవరైనా సరిచేసి ఉంటే ఆ గొంతే ఉండేది కాదు. గ్రీన్ నుంచి మరో గిటారిస్టు గ్యారీ మూర్‌కి, ఆ తర్వాత చేతులు మారి 2014లో మెటాలికా బృందం కిర్క్ హామెట్‌కి చేరింది. ఆయన దాన్ని వేలమంది ముందు, పెద్ద పెద్ద వేదికల మీద వాయిస్తూనే ఉన్నాడు.

మామూలు వాద్యకారుడి దారి మరొకటి. అమ్మకాల్లో ప్లేయర్ గ్రేడ్ అంటారు: విరిగిన తల అతికించినవి, రంగు మార్చినవి, మెట్లు కొత్తగా వేసినవి. రంగు మార్చినదానికి దాదాపు సగం ధర పోతుందని వ్యాపారుల లెక్క. చెక్క అదే, పికప్‌లూ చాలావరకు అవే. అప్పు చేసైనా పాత గిటార్ కొనాలనుకునేవాళ్లకి నేను చూపించేది ఇవే. మెట్లు అరిగాయా, మార్పించుకోండి. పోయేది ఎలాగూ ముందే పోయింది.