ప్యానెల్ ఆన్ చేయడం వస్తే చాలదు.. కాబోయే టీచర్లకు టెక్నాలజీ శిక్షణ ఎలా ఉండాలి?

బీఎడ్ చదువుతున్న మీ ఇంటి అమ్మాయికి రేపు మదనపల్లె దగ్గర ఓ పల్లె బడిలో పోస్టింగ్ వచ్చిందనుకుందాం. ‘ఈ స్మార్ట్ టీవీ కాస్త చూడమ్మా’, ‘యాప్‌లో హాజరు పడటం లేదు’ అంటూ సీనియర్లు ఆమె దగ్గరికే వస్తారు. ఉత్తర్వుల్లో లేని బాధ్యత ఇది. అడిగినప్పుడల్లా తానే చేసిపెడితే ఆ బడికి ఉచిత ఆపరేటర్ దొరికినట్టే. పక్క టీచర్‌కు నేర్పి, ఆ పాఠం కలిసి చెప్పగలిగితే అది నాయకత్వం. దానికి హెచ్ఎం కుర్చీ అక్కర్లేదు.

ఇప్పుడే ఎందుకీ చర్చ?

పరికరాలు వేగంగా వచ్చేశాయి. 2022 డిసెంబర్‌లో ఏపీ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు, వారి టీచర్లకు ట్యాబ్‌లు ఇచ్చింది. 2023 నుంచి హైస్కూళ్లలో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, ప్రాథమిక బడుల్లో స్మార్ట్ టీవీలు పెట్టారు. వాడేవారు లేకపోతే అవి గోడకు అలంకారమే.

కోర్సులో ఏముంది?

ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఎడ్‌లో ఐసీటీ ఒక భాగం. దాన్ని రికార్డు రాసి, నాలుగు స్లైడ్లు చూపించి ముగిస్తే మార్కులొస్తాయి, పని రాదు. అసలు అవకాశం బడుల్లో గడిపే 20 వారాల్లో ఉంది. అక్కడ పాఠం పిల్లలకు తగినట్టు మార్చుకోవాలి.

కుప్పాన్నే చూడండి. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలకు పుస్తకాల తెలుగులో ఉన్న వీడియో వేస్తే సగం అర్థం కాదు. ఛాత్రోపాధ్యాయులు ఫోన్‌లోనే తమ గొంతుతో పాఠం రికార్డు చేసుకోవచ్చు. పుంగనూరులో జంతువుల పాఠానికి ఊరి పేరున్న పొట్టి ఆవునే వీడియో తీయొచ్చు. మదనపల్లె మార్కెట్లో వారం రోజుల టమాటా ధరలను ఎక్సెల్‌లో గ్రాఫ్‌గా మారిస్తే లెక్కల పాఠం సిద్ధం. వీటికి ఖరీదైన యాప్ ఏదీ అక్కర్లేదు.

కుప్పం దగ్గరే క్యాంపస్ ఉన్న అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌లో పిల్లలే తోటి పిల్లలకు సైన్స్ ప్రయోగాలు చేసి చూపించే కార్యక్రమం ఉంది. పిల్లలు చేయగలిగినది ఛాత్రోపాధ్యాయులు చేయలేరా? వారానికి ఒకరు తోటివారికి ఓ డిజిటల్ పాఠం నేర్పి, విమర్శ వినే పద్ధతిని ఏ కాలేజీ అయినా పైసా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు.

చేరేముందు ఏం అడగాలి?

ఎడ్‌సెట్ కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునేటప్పుడు ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లున్నాయో చాలామంది అడుగుతారు. ఇంటర్న్‌షిప్ ఏ బడుల్లో, అక్కడ ప్యానెల్ మీద పాఠం చెప్పనిస్తారా, దాన్ని లెక్చరర్ వచ్చి చూస్తారా అన్నవి అంతకంటే ముఖ్యం. కేంద్రం 2017లో తెచ్చిన దీక్ష యాప్‌లో పాఠాలు, టీచర్ కోర్సులు ఉచితం, తెలుగులోనూ ఉన్నాయి. అడ్మిషన్ దాకా ఆగక్కర్లేదు, ఈరోజే డౌన్‌లోడ్ చేసి చూడొచ్చు.