పొగ లేని సరుకుతో గుండెకు ఒరిగేదెంత?

పొగాకు వ్యాపారంలో ఉన్నవారికి ఇ-సిగరెట్ కొత్త మాట కాదు. చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ 2003లో రూపొందించిన ఈ పరికరం విదేశీ మార్కెట్లలో సిగరెట్‌కు గట్టి పోటీదారుగా నిలిచింది. "ఆకు కాలదు, పొగ రాదు, కనుక గుండెకు భయం లేదు" అన్నది దీనికి జరిగిన ప్రచారం. ఇంతవరకు వెలువడిన వైద్య పరిశోధనలను పరిశీలిస్తే ఈ ప్రచారంలో సగం మాత్రమే నిలుస్తున్నది.

సరుకులో తేడా

సిగరెట్‌లో ఆకు కాలుతుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఇతర విష పదార్థాలు ధమనుల లోపొరను దెబ్బ తీసి, రక్తం గడ్డ కట్టే స్వభావాన్ని పెంచుతాయి. గుండెపోటుకు దారి ఇక్కడే పడుతుంది.

ఇ-సిగరెట్‌లో బ్యాటరీ వేడికి ప్రొపిలిన్ గ్లైకాల్, గ్లిజరిన్, పరిమళ ద్రవ్యాలు, నికోటిన్ కలిపిన ద్రవం ఆవిరవుతుంది. కాలడం లేనందున తారు ఉండదు. కార్బన్ మోనాక్సైడ్ బెడద దాదాపు తప్పినట్లే. కానీ నికోటిన్ నికోటినే. ఇది ఎక్కువగా పొగాకు నుండి తీసిన సరుకే. ఏ రూపంలో ఒంట్లోకి వెళ్లినా నాడి వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది.

పరీక్షలు చెప్పినదేమి?

స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయం 114 మంది పొగ తాగేవారిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. సిగరెట్ మాని ఇ-సిగరెట్‌కు మారినవారిలో నెల రోజులకే ధమనులు సాగే గుణం మెరుగుపడినట్లు తేలింది. ఇది శుభ సూచనే. అయితే నెల రోజుల లెక్కతో పదేళ్ల ఖాతా మూయలేము. దీర్ఘకాలంలో గుండెపోట్లు ఎంత తగ్గేదీ ఈ పరీక్ష చెప్పదు.

అంకెల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2015లో బ్రిటిష్ ప్రజారోగ్య సంస్థ ప్రకటించిన "95 శాతం తక్కువ హాని" అన్న అంచనా మొత్తం హానికి సంబంధించినది. గుండెకు ప్రత్యేకించి వేసినది కాదు. ఇ-సిగరెట్ వల్ల గుండెపోట్లు పెరుగుతున్నవని 2019లో వెలువడిన ఒక అమెరికన్ వ్యాసాన్ని, ఆ లెక్కలోని కొన్ని గుండెపోట్లు అలవాటుకు ముందే వచ్చి ఉండవచ్చునన్న అభ్యంతరంపై, పత్రిక 2020లో ఉపసంహరించుకున్నది. అనుకూలమైనా, ప్రతికూలమైనా ఒక్క అంకెను నమ్మి బేరం ఖాయం చేసుకోరాదు.

రెండు పడవల ప్రయాణం

పగలు దుకాణంలో ఇ-సిగరెట్, సాయంత్రం రెండు సిగరెట్లు అనే పద్ధతి విదేశాలలో చాలామందికి ఉన్నది. దీనివల్ల గుండెకు మిగులు చూపడం కష్టం. రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, ఇరవై తాగేవారికి గుండె జబ్బు విషయంలో ఉండే అదనపు ముప్పులో 40 నుండి 50 శాతం ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్ష తేల్చింది. సరుకు తగ్గించిన నిష్పత్తిలో నష్టం తగ్గదన్న మాట.

చట్టం మాటేమిటి?

మన దేశంలో ఈ బేరానికే తావు లేదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, డిసెంబరులో చట్టం ద్వారా కేంద్రం ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటనలను నిషేధించింది. మొదటి నేరానికి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వకు ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గిడ్డంగి అద్దెకిచ్చేవారు, సరుకు రవాణా చేసేవారు ఈ సంగతి గమనించడం మంచిది.

మొత్తం మీద సిగరెట్ కంటే ఇ-సిగరెట్ గుండెకు తక్కువ చేటు కావచ్చు. చేటు లేనిది మాత్రం కాదు. రెండూ మానినవారి ఖాతాలోనే లాభం స్పష్టం. సిగరెట్ మానిన ఏడాదికి గుండె జబ్బు అదనపు ముప్పు దాదాపు సగానికి దిగుతుంది. ఈ లాభానికి పెట్టుబడి అవసరం లేదు.