బస్సు తక్కువసేపు ఆగే చోట్లు

బేత్లెహేములోని క్రీస్తు జనన దేవాలయం గుమ్మం ఎత్తు నాలుగడుగులే. బిషప్పయినా వంగి వెళ్లాల్సిందే. ఒకప్పుడు అది పెద్ద ద్వారం. పాత కమాను గుర్తు గోడమీద ఇప్పటికీ కనిపిస్తుంది. గుర్రాలు లోపలికి రాకుండా దాన్ని మూసుకుంటూ వచ్చారని చెబుతారు. లోపలి రాతి స్తంభాలు, నేలకింది మొజాయిక్ దాదాపు పదిహేను వందల ఏళ్లనాటివి, అంతకన్నా పాతవి. మన తెలుగు యాత్రా బృందాల్లో వాటివైపు చూసేవాళ్లు తక్కువ. అందరి కళ్లూ క్రీస్తు పుట్టిన చోటని చూపించే కింది గుహమీదే, పద్నాలుగు కోణాల వెండి నక్షత్రంమీదే. క్యూలో అంతసేపు నిలబడితే దక్కేది ఓ ముద్దు, ఓ ఫొటో. ఈలోగా గైడు జెండా ఊపుతాడు. తర్వాత బస్సు ఒలీవ చెక్క బొమ్మల దుకాణం ముందు ఆగుతుంది. అక్కడ మాత్రం ఎవరూ తొందరపెట్టరు!

తెలుగువాళ్ల పరిశుద్ధ భూమి యాత్ర సాధారణంగా గుంపుగానే సాగుతుంది. ముందు పాస్టరుగారు, వెనక సంఘం. జోర్డాన్, ఇజ్రాయెల్, ఈజిప్టు కలిపి ఒకటే ప్యాకేజీ, అందులో ‘ఇండియన్ ఫుడ్’. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో యెరూషలేము యాత్ర సాయాన్ని, ఏటా మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు, 40 వేల నుంచి 60 వేల రూపాయలకు పెంచింది. ఊరు దాటని పెద్దావిడ కూడా నెబో కొండెక్కి మోషే చూసిన దేశాన్ని చూసి, అక్కడే అయ్యగారు తెలుగులో వాక్యం చదువుతుంటే వింటుంది. గుంపులో వెళ్తేనే ఆ భాగ్యం. చిక్కల్లా గడియారంతోనే.

యెరూషలేములో క్రీస్తు సమాధి అని చూపించే చోట్లు రెండు. ఒకటి పాత నగరంలోని పునరుత్థాన దేవాలయం. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కట్టించిన గుడి కూలింది, మళ్లీ లేచింది. ఇప్పుడు ఆరు క్రైస్తవ శాఖలు దాన్ని పంచుకుంటున్నాయి. తలుపు తాళాల బాధ్యత తరతరాలుగా రెండు ముస్లిం కుటుంబాలది. ధూపం, చీకటి, తోపులాట చూసి మన ప్రొటెస్టెంటు యాత్రికులు కాస్త ఇబ్బంది పడతారు. వాళ్ల మనసు గోడ బయటి తోట సమాధి దగ్గర కుదుటపడుతుంది. చెట్లు, పూలు, ప్రభువు బల్ల. కానీ దానికి పేరొచ్చింది పంతొమ్మిదో శతాబ్దంలోనే. ఆ రాతి గది క్రీస్తుకు వందల ఏళ్ల ముందుదని పురావస్తు పరిశోధకులు చాలామంది అంటారు. ప్రార్థనకు తోట హాయి, చరిత్రకు పాత గుడే బలం అని నా అభిప్రాయం. రెండూ చూడాలి, రెండింటినీ ఒకే మాటతో నమ్మించే గైడును మాత్రం నమ్మనక్కర్లేదు.

వాదం అక్కర్లేనివీ ఉన్నాయి. యోహాను సువార్తలోని బేతెస్ద కోనేరు, అయిదు మంటపాలది, చాలాకాలం కొందరు కల్పన అనుకున్నారు. తవ్వకాల్లో జంట కోనేళ్లు బయటపడ్డాయి. నాలుగువైపులా నాలుగు, నడుమ ఒకటి అనుకుంటే లెక్క సరిపోతుంది. హిజ్కియా రాజు తవ్వించాడని బైబిలు చెప్పే నీటి సొరంగంలో నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి. పొడవు 533 మీటర్లు. రెండు చివరల నుంచీ తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. ఆ ముచ్చటను వాళ్లే గోడమీద చెక్కారు. 1880లో దొరికిన ఆ శాసనం ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. సొరంగం చివరి సిలోయము కోనేటి అసలు మెట్లు 2004లో మురుగు పైపు పనుల్లో బయటపడ్డాయి. ఇలాంటి చోటు చాలా ప్యాకేజీల్లో ఉండదు, ఉన్నా ‘సమయాన్ని బట్టి’ అని ఉంటుంది.

గలిలయ సముద్రంమీద పడవ షికారు మాత్రం తప్పదు. మువ్వన్నెల జెండా ఎగరేసి జాతీయగీతం వేస్తారు, ఆ వెంటనే పాటలు, చప్పట్లు. బాగుంటుంది. ఒడ్డునే గినోసరులో అసలైన పడవ ఉంది. 1986లో కరవుకు నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఇద్దరు జాలరి అన్నదమ్ములకు బురదలో కనిపించింది. ఎనిమిది మీటర్ల పైచిలుకు పొడవు, పది రకాలకు పైగా కర్రతో అతుకులమీద అతుకులు. క్రీస్తు కాలపు పేద జాలరి బతుకు ఎలా ఉండేదో పేతురు గురించిన ప్రసంగాలకన్నా అది బాగా చెబుతుంది. బాప్తిస్మాలకు పేరుపడ్డ యొర్దాను నది ఒడ్డు యార్దెనీత్ సౌకర్యం కోసం 1981లో ఏర్పాటు చేసిన రేవే. క్రీస్తు బాప్తిస్మం పొందాడని సంప్రదాయం చెప్పే చోటు దూరాన, యెరికో దగ్గర.

2023 అక్టోబరులో మొదలైన గాజా యుద్ధంతో ఈ యాత్రలు చాలావరకు ఆగాయి. మళ్లీ ప్రకటనలు చూసి డబ్బు కట్టేముందు విదేశాంగ శాఖ సూచనలు చూడండి. స్థలాల జాబితాతోపాటు ఒక్కోచోట ఎంతసేపు ఆగుతారో రాసిమ్మని అడగండి. దుకాణాల సమయం తగ్గించి సిలోయము, గినోసరు కలపమని పాస్టరుగారి చేత చెప్పించండి, పదిమంది అడిగితే ట్రావెల్స్‌వాళ్లు వింటారు. సొరంగంలో దిగేవాళ్లకు తడిసినా పాడవని చెప్పులు, టార్చి ఉండాలి. నీళ్లలో నడవలేనివాళ్లకు పక్కనే పొడి సొరంగం ఉంది.