ఒకే ఒంట్లో రెండు జ్వరాలు

డెంగీ, టైఫాయిడ్ కలిసి వస్తే మన రోగనిరోధక వ్యవస్థ ఏం చేస్తుంది? ఎక్కడ తడబడుతుంది?

కృష్ణా పశ్చిమ డెల్టా కొసన, సముద్రానికి దగ్గరగా ఉంది కర్లపాలెం. తీరం వెంట చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. అందుకే కాలువ నీటిని చెరువులకు ఎక్కించి తాగడం ఈ ప్రాంతానికి అలవాటు. వానాకాలంలో ఆ నీటిలో మురుగు కలిస్తే టైఫాయిడ్. కుళాయి నీళ్లు పట్టి తొట్లలో, డ్రమ్ముల్లో మూత లేకుండా నిల్వ ఉంచితే ఈడిస్ దోమ, దాని వెంట డెంగీ. రెండూ అవే నెలల్లో వస్తాయి. ఒక్కోసారి ఒకే మనిషికి వస్తాయి.

కాపలా కణాల్లోనే కాపురం

డెంగీ వైరస్ దోమకాటుతో చర్మంలోకి దిగగానే అక్కడ కాపలా కాసే డెండ్రైటిక్ కణాల్లోకి చొరబడుతుంది. తర్వాత మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే తెల్లకణాల వంతు. శరీరం వెంటనే ఇంటర్‌ఫెరాన్లనే రక్షక ప్రోటీన్లను విడుదల చేస్తుంది. ఒళ్లునొప్పులు, జ్వరం చాలావరకు ఆ పోరు ఫలితమే. దాదాపు అయిదో రోజుకు ఐజీఎం యాంటీబాడీలు కనిపిస్తాయి.

టైఫాయిడ్ తీరు వేరు. సాల్మొనెల్లా టైఫీ చిన్నపేగు గోడ దాటి, 'వీఐ' అనే చక్కెర పొర చాటున రోగనిరోధక వ్యవస్థ కన్నుగప్పుతుంది. తనను మింగిన మాక్రోఫేజ్‌లోనే బతుకుతూ కాలేయం, ప్లీహం, ఎముక మజ్జకు చేరుతుంది. టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామాతో మాక్రోఫేజ్‌కు బలమిస్తేనే ఆ బ్యాక్టీరియా చస్తుంది.

అంటే రెండు రోగాలూ ఒకే కణాలను ఆక్రమిస్తాయి, కానీ వాటిని గెలిచే దారులు వేరు. వైరస్‌ను అడ్డుకునే మొదటి రకం ఇంటర్‌ఫెరాన్, సాల్మొనెల్లా సోకిన మాక్రోఫేజ్‌ల చావుకు కారణమవుతుందని ఎలుకలపై జరిగిన పరిశోధనలో తేలింది. ఒక పోరుకు పనికొచ్చిన ఆయుధం రెండో పోరులో నష్టం చేయొచ్చు.

జ్వరం తగ్గని ప్రమాదం

డెంగీలో అసలు గండం జ్వరం తగ్గే వేళ, మూడు నుంచి ఏడు రోజుల మధ్య మొదలవుతుంది. రక్తనాళాల నుంచి ప్లాస్మా కారిపోతుంది. టైఫాయిడ్ కూడా ఉంటే జ్వరం దిగదు, ఆ హెచ్చరిక మనకు అందదు. అందుకే థర్మామీటరు ఒక్కదాన్నే నమ్మకూడదు. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల రక్తం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. డెంగీ జ్వరం వారం దాటినా తగ్గకపోతే రెండో రోగం కోసం వెతకాలి.

కాగితం చెప్పేదంతా నిజమా?

తెల్లకణాలు రెండింటిలోనూ తగ్గవచ్చు, ప్లేట్‌లెట్లూ తగ్గవచ్చు. టైఫాయిడ్ కోసం చేసే 1896 నాటి వైడల్ పరీక్ష పాత టైఫాయిడ్‌కూ, ఇతర జ్వరాలకూ పాజిటివ్ చూపగలదు. కాబట్టి 'రెండూ ఉన్నాయి' అన్న ప్రతి రిపోర్టూ నిజం కాదు. డెంగీకి మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష, టైఫాయిడ్‌కు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ చేస్తే అసలు సంగతి చాలావరకు తెలుస్తుంది. నొప్పులకు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, పారాసెటమాల్ చాలు.

ఇక నివారణ సంగతి. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ టైఫాయిడ్ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో ప్రీక్వాలిఫికేషన్ ఇచ్చింది. దేశీయ డెంగీ టీకా మూడో దశ పరీక్షలు 2024 ఆగస్టులో మొదలయ్యాయి. ఒంట్లోని కణాలు ఒకేసారి రెండు పోరాటాలు చేయాల్సిన అవసరం రాకుండా చూడటం మన చేతుల్లో ఉంది. శుద్ధిచేసిన చెరువు నీరు, మూతపెట్టిన తొట్టి, పిల్లలకు టైఫాయిడ్ టీకా, మొదటి యాంటీబయాటిక్ మోతాదుకు ముందే రక్తనమూనా. ఈ నాలుగూ ప్రతి పల్లెకూ హక్కుగా అందాలి.