మన ఎర్రమట్టితో ఆదిమానవుడు బొమ్మ వేయగలడా?

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన ఎపిసోడ్‌లో మా విజయనగరం ఎర్రమట్టి చూపించి, "ఇదే జేగురు, ఆదిమానవులు బొమ్మలు వేసింది దీంతోనే" అని చాలా ధీమాగా చెప్పేశాను. వీడియో పెట్టాక నాకే డౌట్ వచ్చింది. ఇంటి పునాది గోతిలోంచి చెంబుడు మట్టి తెచ్చి, నీళ్లలో కలిపి, పెరట్లో బండ మీద ఎద్దు బొమ్మ వేశాను. ఆరాక చేత్తో తడిమితే సగం ఎద్దు నా అరచేతికి వచ్చేసింది. మిగిలిన సగాన్ని సాయంత్రం వాన పట్టుకుపోయింది.

అరుగు మీద కూర్చుని ఇదంతా చూసిన మా నాయనమ్మ, "ఏటిరా బాబూ, ఇసక మన్నుతో రంగేస్తావేటి? వడకట్టొద్దేటి? బంక కలపొద్దేటి?" అంది. బీటెక్ నాది, ఆన్సర్ ఆవిడది. ఈరోజు ఆవిడ అడిగిన ఆ రెండు ప్రశ్నలే మన టాపిక్.

అసలు మట్టి ఎందుకు ఎర్రగా ఉంటుంది? మన తూర్పు కనుమల్లో బాగా కనిపించే రాయి ఖోండలైట్. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. అందులో గార్నెట్ ఉంటుంది, గార్నెట్‌లో ఇనుము ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండకీ వానకీ రాయి చివికిపోతే ఆ ఇనుము గాలితో, నీటితో కలిసి ఆక్సైడ్ అవుతుంది. మీ పాత సైకిల్‌కి పట్టే తుప్పుకి ఇది దగ్గర చుట్టమే. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూశారు కదా, అక్కడ ఇసక రేణువుల మీద ఈ ఐరన్ ఆక్సైడ్ పల్చటి కోటింగ్‌లా ఉంటుంది. లోపలంతా ఇసకే. అంటే చూడ్డానికి ఎరుపు ఎక్కువ, రంగు సరుకు తక్కువ. (టెస్ట్ చేద్దామని అక్కడికెళ్లి తవ్వకండి ప్లీజ్. అది జియాలజీ పరంగా కాపాడుకోవాల్సిన చోటు. ఇప్పటికే చాలా పోయింది.)

జేగురు అంటే ఆ ఆక్సైడ్ దట్టంగా ఉన్న మట్టి లేదా మెత్తటి రాయి. ఎర్రదైతే హెమటైట్, పసుపుదైతే గోథైట్. టెస్ట్ చాలా సింపుల్: గరుకు రాయి మీద గీసి చూడాలి. హెమటైట్ ముక్క పైకి బూడిదరంగులో ఉన్నా గీత మాత్రం ఎర్రగానే పడుతుంది. ఇంకో ట్రిక్ ఉంది. పసుపు జేగురుని సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడి చేస్తే అందులోని నీరు పోయి ఎరుపవుతుంది. పొయ్యి కింద ఉన్న పచ్చమట్టి ఎర్రబడటం చూసినవాడెవడో దీన్ని కనిపెట్టి ఉంటాడని నా ఊహ.

నలుపు కావాలంటే బొగ్గు, లేదంటే మాంగనీస్. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో సుమారు 17,000 ఏళ్ల నాటి బొమ్మల్లో నలుపు చాలావరకు మాంగనీస్ ఆక్సైడే. ఆ ఖనిజమే మన చీపురుపల్లి, గరివిడి వైపు గనుల్లో 1890ల నుంచి తవ్వుతున్నారు. బస్సులో వెళ్తుంటే కనిపించే ఆ నల్ల గుట్టలు ఇవే.

మరి మన తెలుగు నేల మీద అంత పాతకాలంలో జేగురు వాడిన ఆధారం ఉందా? ఉంది. దానికి ఇక్కణ్ణుంచి రాయలసీమ వెళ్లాలి. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చిపడిన బూడిద ఇంకా పొరగా ఉంది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం అక్కడ తవ్వి, 2007లో సైన్స్ పత్రికలో వివరాలు ప్రచురించింది. రాతి పనిముట్లతోపాటు ఒక ఎర్ర జేగురు ముక్క కూడా దొరికింది. దాని మీద అరగదీసిన గీతలున్నాయి. నాకు ఒళ్లు జలదరించేది ఆ గీతల దగ్గరే. రాయి దానంతటదే అక్కడ పడి ఉండొచ్చు, కానీ ఆ గీతలు పడాలంటే దాన్ని ఎవరో పట్టుకుని రుద్దాలి.

దేనికి రుద్దారు? బొమ్మలకే అనుకోకండి. దక్షిణాఫ్రికాలోని సిబుడు గుహలో సుమారు 70,000 ఏళ్ల కిందట రాతి మొనని కర్రకి అతికించే బంకలో జేగురు కలిపారు. లిన్ వాడ్లీ అనే పరిశోధకురాలు తుమ్మజాతి చెట్ల బంకతో అదే చేసి చూశారు. వట్టి బంక ఆరాక పెళుసైపోతుంది, పొడి కలిపితే దెబ్బకి తట్టుకుంటుంది. సిమెంట్‌లో ఇసక కలిపినట్టే. ఇంజనీరింగ్ అప్పుడే మొదలైంది బాస్! అదే దేశంలోని బ్లాంబోస్ గుహలో లక్ష ఏళ్ల నాటి రెండు పెద్ద గవ్వచిప్పలు దొరికాయి. వాటిలో జేగురు పొడి, బొగ్గు, ఎముక మూలుగ కొవ్వు కలిపిన మిశ్రమం ఉంది. నాయనమ్మ రెండో ప్రశ్నకి జవాబు అక్కడుంది.

ఈ పని మన పక్కనే ఇంకా బతికుంది. సీతంపేట ఏజెన్సీలో సవరలు గోడకి ఎర్రమట్టి అలికి, దాని మీద బియ్యప్పిండితో తెల్లగా మనుషుల్నీ గుర్రాల్నీ చెట్లనీ పూజ కోసం వేస్తారు. అది ఆదిమానవుల బొమ్మ కాదు, ఇప్పటి మనుషుల భక్తి. కానీ మట్టీ, చెయ్యీ, గోడా కలిసే తీరు అక్కడ కళ్లారా చూడొచ్చు.

సరే, నా రెండో ప్రయత్నం. మట్టిని బకెట్ నీళ్లలో బాగా కలిపి, ఇసక అడుక్కి దిగేదాకా ఆగి, పైనున్న ఎర్ర నీళ్లని ఇంకో గిన్నెలోకి వంపాను. రెండు రోజులకి అది తేరింది. చెంబుడు మట్టికి చేతికి దక్కిన రంగు ముద్ద రెండు చెంచాలు. అంత తక్కువ వస్తుందనుకోలేదు. దాంట్లో తుమ్మబంక కలిపి, ఈసారి చూరు కింద, వాన పడని రాయి మీద ఎద్దు వేశాను. తడిమితే చేతికి అంటలేదు. నెల దాటింది, ఇంకా ఉంది.

నాయనమ్మ దగ్గరికెళ్లి చూసింది. "రంగు బాగుంది గానీ, అది మేకా ఏటి?" అంది.